చిక్కుడు మూట

టేకులపల్లి బస్టాండులో భద్రాచలం బస్సు కోసం కూర్చుని, మర్నాడు బడిలో చెప్పాల్సిన ఇంగ్లీషు పాఠం పైకే చదువుకుంటున్నాను. పక్కన కూర్చున్న కోయ అవ్వ "ఏంది సారూ గది?" అని అడిగింది.

"కర్రీ అనే ఇంగ్లీషు మాట పుట్టుక, అవ్వా. అది వాళ్లది కాదు. తమిళంలో కరి అంటారు. ఓడల మీద వచ్చినవాళ్లు పట్టుకుపోయారు," అన్నాను, నేనే కనిపెట్టినంత గొప్పగా.

"పోయినా బతికే ఉంది గద," అంది అవ్వ.

అన్నం డబ్బా విప్పి, మూతలో కొంచెం అన్నం, చిక్కుడుకాయ కూర పెట్టి అందించాను. ఆమె చప్పున చేయి వెనక్కి తీసుకుంది.

"మా ఊర్ల చిక్కుడు పండుగ కాలే సారూ. దేవతకు పెట్టకముందు కొత్త చిక్కుడు నోట పెట్టం."

"ఎప్పుడు చేస్తారు?"

"మొక్కే మాటలు మా బాసల మా అన్నకొక్కనికే తెలుసు. ఆయన భద్రాచలం దవాఖానాల ఉన్నడు. మూడు దినాలాయె, మాట పడిపోయింది."

"పిల్లలెవరూ నేర్చుకోలేదా?"

"మీ బడికే పంపితిమి గద."

మూతలోది తిరిగి డబ్బాలో వేసేశాను. అవ్వ ఒళ్లోని గుడ్డ మూట విప్పి చూపింది. పెరటి చిక్కుళ్లు, అప్పటికే వాడుతున్నాయి.

"అన్న చేతిల పెడితే మాటొస్తదేమో," అంది.

భద్రాచలంలో దవాఖానా దగ్గర ఆమె దిగడం కిటికీలోంచి చూశాను. మూటను రెండు చేతులతో పట్టుకుంది.

మర్నాడు పాఠం బాగానే చెప్పాను. ఏటా చెబుతూనే ఉన్నాను. ఇంట్లో చిక్కుడుకాయ వండిన రోజు మాత్రం, ఆ ఊళ్లో పండుగ అయిందో లేదో తెలియక, మొదటి ముద్ద దగ్గర నా చేయి ఆగిపోతుంది.