ఇప్పచెట్టు కింది నీళ్లకుండ

మొన్న మా సాలూరులో లారీల స్టాండు దగ్గర కుర్రాళ్లు చలివేంద్రం పెట్టి, పెద్దవారు మీ చేతుల మీదుగానే మొదలవ్వాలంటూ నన్ను ఆటో ఎక్కించి తీసుకువెళ్లారు. రిబ్బను కత్తిరించాను, చప్పట్లు కొట్టారు, మొదటి గ్లాసు నాకే ఇచ్చారు. నీళ్లు పెదవుల దాకా వచ్చాయి గానీ గొంతు దిగలేదు. పెద్దాయనకి వడదెబ్బ తగిలిందేమోనని పాపం కంగారుపడి కుర్చీ వేశారు. వడదెబ్బా లేదు, గాడిదగుడ్డూ లేదు. యాభై ఏళ్లుగా కడుపులో దాచుకున్న పాపం ఒకటుంది, అది నా ఈడువాళ్ల దగ్గరయితే కక్కెయ్యవచ్చునని ఇలా రాస్తున్నాను.

మాది చింతపండూ, కొండచీపుర్లూ కొని పై ఊళ్లకు పంపే కొట్టు. కొండవాళ్లు మోసుకొచ్చిన సరుకు తూచడమే తప్ప ఆ కొండ ఎలా ఉంటుందో ఇరవై ఏళ్లొచ్చినా నేను చూసి ఎరగను. మా అక్కమొగుడు, అంటే మా బావ, నోరు ఊరుకోని మనిషి. ఒక వేసవిలో అందరి ముందూ "సింతపండు తూసుకునీవోడివి, నీకు కొండలెందుకురా, సగం దారిలో ఏడుత్తావు" అన్నాడు. ఉడుకు రక్తం కదా, ఒక్కణ్ణే పైన కనబడే ఊరిదాకా ఎక్కి దీపాలవేళకి తిరిగొస్తానని పందెం కట్టాను.

మా అమ్మకు మడి ఎక్కువ. బయటివాళ్ల కుండలో నీళ్లు తాగితే ఇంట్లోకి రానివ్వనని చెప్పి, ఇత్తడి మరచెంబు నిండా నూతినీళ్లు పోసి ఇచ్చింది. తెల్లవారుతూనే బయలుదేరి, ఎండ ముదిరే వేళకు సగం కొండ మీదున్న ఇప్పచెట్టు దగ్గరికి చేరాను. ఆ చెట్టు కింద ఇసకలో సగం పూడ్చిన కుండ, దాని మీద అడ్డాకుల మూత, పక్కనే ముంచుకోడానికి ఆనపబుర్ర. ఆ కుండ సంగతి నాకు తెలియకపోలేదు. సంత నుంచి తిరిగొచ్చే కొండవాళ్ల కోసం ఒక ముసలమ్మ రోజూ చీకటితోనే కింద పారే గెడ్డ నుంచి నీళ్లు మోసుకొచ్చి అది నింపుతుందనీ, ఆమె మొగుడు కావిడి మోసుకొస్తూ అక్కడే దాహానికి పడి చనిపోయాడనీ మా కొట్లో ఎన్నోసార్లు విన్నాను.

తెలిసే చేశాను. ఆ నీళ్లు తాగకూడదు గానీ కాళ్లు కడుక్కోడానికి మడేమిటి? బుర్రతో ముంచి కాళ్ల మీద పోసుకున్నాను, మొహం కడిగాను, నెత్తిన గుమ్మరించుకున్నాను, అడుగున మిగిలినదాంట్లో తువ్వాలు తడిపి మెడకు చుట్టుకున్నాను. కుండ ఖాళీ అయింది. తాగడానికి మాత్రం ఎంతో నిష్ఠగా నా మరచెంబు మూత తిప్పుకుని రెండు గుక్కలు వేసుకున్నాను.

అక్కణ్ణుంచి ఎంతో దూరం పోలేదు. ఎండుటాకుల మీద కాలు జారి మడమ మెలిపడింది, చేతిలో మరచెంబు ఎగిరి రాళ్ల మీద ఖణేల్ ఖణేల్మంటూ లోయలోకి దొర్లిపోయింది. కాలు మోపలేక, కూర్చుని జరుగుతూ, పాకుతూ, మిట్టమధ్యాహ్నానికి మళ్లీ ఆ చెట్టు కిందకే చేరాను. నాలుక అంగిలికి అంటుకుపోయింది. కుండలోకి చెయ్యి పెట్టి అడుగంతా తడిమాను. ఒక్క చుక్క లేదు, మెడలో తువ్వాలు ఎప్పుడో ఆరిపోయింది. నేను కాళ్లు కడుక్కున్న చోట నేల ఇంకా తడిగా, చల్లగా ఉంటే దాని మీదే చతికిలబడ్డాను.

అప్పుడొచ్చారు సంత నుంచి నలుగురైదుగురు కొండవాళ్లు, బరువులెత్తుకుని, ఆ కుండనే నమ్ముకుని. ఒకావిడ వీపున చంటిపిల్ల ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది. మూత తీసి చూసి నావైపు తిరిగారు. నేనొచ్చేసరికే ఖాళీగా ఉందని చెప్పాను. తడుముకోకుండా చెప్పాను.

వాళ్లు కేకేస్తే కొంచెం దిగువనున్న తన పాకలోంచి ఆ ముసలమ్మ వచ్చింది. చంటిపిల్ల తల్లి ఆమె మీద విరుచుకుపడింది. "నీల్లు ఎత్తనేనప్పుడు మానీవే ముసిల్దానా! నీ కుండ సూసుకుని ఎక్కినాము, నా పిల్ల సచ్చిపోతే ఏటి సేస్తావే?" ముసలమ్మ కుండలోకి వంగి చూసింది, చుట్టూ నేల చూసింది. ఆ తడి నా కింద ఉంది. లేవలేనట్టు కాలు పట్టుకుని నేను అక్కణ్ణుంచి అంగుళం కదల్లేదు. ముసలమ్మ కుండ అడుగు మరోసారి తడిమింది. "నింపినాననుకున్నానమ్మా... మర్సిపోనానేటో" అంది.

కుండ పెళ్లగించి నెత్తినెట్టుకుని, ఆ నిప్పుల ఎండలో గెడ్డకు దిగి నీళ్లు తెచ్చింది. పిల్లకు రెండు చుక్కలు పోసి, తరవాతి బుర్ర నాకే ఇచ్చింది. దెబ్బ తగిలినోడు బాబూ, ముందు తాగనీండి, అని కూడా అంది. మడీ గిడీ మరచిపోయి రెండు చేతులా పట్టుకుని గటగటా తాగాను. నన్ను వంతులవారీగా మోసి కిందకు దింపారు. మా అమ్మ పసుపునీళ్లతో స్నానం చేయించి శుద్ధి అయిందంది.

మరుసటేడు చీపుర్లు తెచ్చినవాణ్ణి ముసలమ్మ ఎలా ఉందని అడిగాను. "మతి పోనాది బాబూ. కుండ నిండుగున్నా నింపినానో లేదో అని పొద్దల్లా ఎక్కుతాది, దిగుతాది" అన్నాడు. పిచ్చి కాదురా, నేను చేసిన పని అది, అని నోటిదాకా వచ్చింది. పక్కన బావ ఉన్నాడు, నాన్న ఉన్నాడు. చీపుర్లు తూచాను. ఆ వేసవిలోనే, నిండుకుండ చూసుకుని దిగుతూ ఎండలో దారిలో పడి చనిపోయిందట.

ఇప్పుడు ఆ కొండ మీదకు తారురోడ్డు పడింది, సంతకు ఆటోలు తిరుగుతాయి, ప్రతివాడి చంకలో ప్లాస్టిక్ సీసా ఉంటుంది. మంచిదే. ఒకరు నింపిన కుండను నమ్ముకుని ఎండలో కొండెక్కే మనుషులూ లేరు, వాళ్లకోసం చీకట్లో లేచే మనుషులూ లేరు. ఆ నాడు ఆమెను తిట్టినవాళ్లలో ఎవరు మిగిలారో తెలియదు. ఎవరైనా ఉంటే వినండి. ఆమె మరచిపోలేదు. నేను వెళ్లేసరికి కుండ అంచుదాకా నిండి ఉంది.