మా అత్త, ఆమె గుర్రం, దారిన పోయేవాళ్ళ మాటలు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు టీకొట్టు ఆమె చెప్పింది. మాచర్ల దాటి సాగర్ వైపు పోయే రోడ్డు పక్కన, ఊరికి కాస్త ఎడంగా అత్త ఇల్లు. రోడ్డుకు ఆ పక్క టీకొట్టు. అత్తకు ఇరుగూ పొరుగూ అంటే ఆ కొట్టు నడిపే మొగుడూ పెళ్ళామే. పొద్దున్నే నేను కాఫీ కలుపుకుంటుంటే ఫోన్ మోగింది.

"అక్కా, పెద్దమ్మ తలుపు తియ్యలేదు. మా ఆయన కిటికీలోంచి చూశాడు. నిద్రలోనే పోయినట్టుందక్కా" అంది. ఏడుపు ఆపుకుని మళ్ళీ తనే అంది: "గుర్రానికి ఏం పెట్టాలో మాకు తెలవదు. మేం ఏమీ పెట్టలా. నువ్వు తొందరగా రా."

నరసరావుపేట నుంచి బస్సులో వెళ్తున్నంతసేపూ ఆ చివరి మాటే నా చెవుల్లో ఉంది. నేను వెళ్ళేసరికి అత్తను వరండాలో పడుకోబెట్టారు. నలుగురైదుగురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. గుర్రం ఇంటి ముందు ఇసకలో నిలబడి ఉంది. ఎండుగడ్డి మోపు గోడవారనే ఉన్నా ఎవరూ ఒక్క పరక కూడా దాని ముందు వేయలేదు. ఆ గుర్రానికి తప్పు తిండి పడితే ఏమవుతుందో, ఒకసారి అలా పడినప్పుడు అత్త ఎలా అయిపోయిందో అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. నేను ముందు గడ్డిని తొట్టిలో నానేశాను. ఆ తర్వాతే వెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను. ఆమె ఉంటే అలాగే చెయ్యమనేది.

అత్త మా నాన్నకు అక్క. పిల్లలు లేరు. మామయ్యకు వ్యవసాయం ఎంత ఇష్టమో గుర్రాలంటే అంత పిచ్చి. చుట్టుపక్కల తిరునాళ్ళలో ఆయన గుర్రమెక్కి వస్తుంటే మేం పిల్లలం అరుగులెక్కి చూసేవాళ్ళం. ఆయన చివరగా పెంచింది ఈ ఆడగుర్రాన్ని. తెల్లటిది. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి, ఏదో గొప్ప పేరు పెట్టాడు. అత్త మాత్రం దాన్ని "ఏమే" అనే పిలిచేది. నన్నూ "ఏమే" అనే పిలిచేది. పెరట్లోంచి ఆ కేక వినపడితే ఇద్దరం తిరిగి చూసేవాళ్ళం. అత్త నవ్వుకునేది.

మామయ్య పోయాక చుట్టాలంతా గుర్రాన్ని అమ్మేయమన్నారు. "అమ్మితే పెళ్ళిళ్ళకు తిప్పుతారు. బాండు మేళం ముందు, బాణాసంచా మధ్యలో దీన్ని నిలబెడతారు. ఇది తట్టుకోలేదు" అని అత్త ఒప్పుకోలేదు. తనకు తోడు కావాలని మాత్రం ఆమె ఎవరితోనూ అనలేదు. అన్నం కంచం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి తినేది. అట్లా తింటే గుర్రానికి తను కనపడుతుంది.

ఓ ఏడాది కోతల రోజుల్లో గుర్రం కట్టు తెంపుకుని మొక్కజొన్న బస్తాల మీద పడింది. తెల్లారేసరికి ముందుకాళ్ళు చాపుకుని, బరువంతా వెనక్కి వేసి నిలబడి ఉంది. అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. మాచర్ల నుంచి వచ్చిన పశువుల డాక్టరు గిట్టలు పట్టి చూశాడు. గింజలు మితిమీరి తింటే గుర్రాలకు గిట్టల లోపల వాపు వస్తుందనీ, మన గోటి కింద పుండు పడ్డట్టు ఉంటుందనీ, ఆ పుండు మీదే దాని బరువంతా మోయాలనీ చెప్పాడు. ఇక గింజలు లేవు, పచ్చగడ్డి లేదు, బెల్లం లేదు. ఎండుగడ్డిని కూడా నానబెట్టి, అందులోని తీపి నీళ్ళలోకి దిగాక పిండేసి పెట్టాలి. అదీ కొలిచినట్టు కొంచెమే. నడిపించకూడదు. కాళ్ళ కింద మెత్తగా ఉండాలి. పడుకుంటే పడుకోనివ్వాలి.

అత్త ఇంటి ముందు మామయ్య ముచ్చటపడి పరిపించిన నాపరాళ్ళు ఉండేవి. కడిగితే అద్దంలా మెరిసేవి. ఆ వారంలోనే వాటన్నిటినీ పెకలించి, మోకాలి లోతున వాగు ఇసక పోయించింది. "మీ మామయ్య చూస్తే గుండె పగిలి చచ్చేవాడే" అంది నాతో. "గుర్రం కోసం అంటే మళ్ళీ ఈ ఇసక ఆయనే మోసేవాడు."

అక్కడి నుంచి మొదలైంది.

ఎత్తిపోతల జలపాతం చూడ్డానికి పోయేవాళ్ళు, సాగర్ పోయేవాళ్ళు ఆ టీకొట్టు దగ్గర కార్లు ఆపుతారు. కారు దిగగానే ఎదురుగా నిలువునా పాతిన నాపరాళ్ళ కంచె, కంచె వెనక తెల్ల గుర్రం కనిపిస్తుంది. వయసు మీద పడి, కొలత తిండి మీద ఉండి, దానికి పక్కటెముకలు తేలాయి. చూసినవాళ్ళు ఊరుకోలేరు. గ్లాసు చేత్తో పట్టుకుని రోడ్డు దాటి వచ్చేవాళ్ళు.

"ఏంటండీ, ఇలా ఎండబెట్టారు?"

"జబ్బు బాబూ. గిట్టల జబ్బు. తిండి తగ్గించమన్నాడు డాక్టరు."

"జబ్బు చేస్తే మంచి తిండి పెట్టాలి గానీ తగ్గిస్తారా ఎవరైనా?"

అత్త మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. మొక్కజొన్నలు, గిట్టలు, గోటి కింద పుండు. వచ్చిన ప్రతి కారుకీ చెప్పేది. కొందరు సగంలో ఫోన్ చూసుకునేవాళ్ళు. కొందరు మొత్తం విని, "చేతకాకపోతే ఎవరికైనా ఇచ్చేయొచ్చుగా" అనేవాళ్ళు. ఒకాయన, "అసలు మీకు జాలి అనేది ఉందా?" అని అడిగాడట. ఆ పూట అత్త అన్నం వండుకోలేదని టీకొట్టు ఆమె తర్వాత నాకు చెప్పింది.

అత్త పింఛను పని మీద మాచర్ల వెళ్ళిన ఒకరోజు, ఎవరో కారువాళ్ళు కంచె మీదుగా అరటిపళ్ళు, బ్రెడ్డు, బిస్కట్లు సంచితో సహా గుమ్మరించి పోయారు. వాళ్ళు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. అత్త వచ్చేసరికి తొక్కలు మిగిలాయి. రెండో రోజుకల్లా గుర్రం కూలబడింది. అత్త ఇసకలో దాని పక్కనే కూర్చుని గిట్టల మీద చన్నీళ్ళు పోస్తూ ఉండిపోయింది. నేను వెళ్ళి చూస్తే చీర అంతా తడి, అరికాళ్ళు నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "మళ్ళీ మొదటికొచ్చిందే. నేను ఎందుకు పోయానో" అంటూ ఏడ్చింది. అత్త ఏడవగా నేను చూడడం అదే మొదలు. మామయ్య పోయినప్పుడు కూడా ఆమె అందరికీ మంచినీళ్ళు అందిస్తూ తిరిగింది.

అప్పటి నుంచి తిండి వేళ తప్ప మిగతా సమయమంతా గుర్రం మూతికి చిక్కం కట్టింది. పైరు మేయకుండా ఎద్దులకు కట్టే తాటి చిక్కమే. అది చూసి ఒక పడుచు జంట వీడియో తీశారు. గుర్రం ఇసకలో పడుకుని ఉంది, మూతికి చిక్కం, ఎముకలు తేలి ఉన్నాయి. పక్కన అత్త చెంబుతో నీళ్ళు పోస్తోంది. మూతి కట్టేసి ఆకలికి చంపుతున్న ముసలిది అని కింద రాశారు. వేలమంది చూశారు. అత్తనే కట్టేసి మాడ్చాలని ఒకరు, ఆ ఇల్లు ఎక్కడో చెప్పండని ఇంకొకరు రాశారు.

టీకొట్టు అతను ఆ వీడియో అత్తకు చూపించాడు. చూపించకుండా ఉండాల్సింది అని తర్వాత బాధపడ్డాడు గానీ, అత్త మాత్రం, "ఇంకోసారి వెయ్యి" అంది. మళ్ళీ చూసి, "చెవులు నిలబెట్టే ఉంది చూడు. అంటే ఆ రోజుకి నొప్పి కాస్త తగ్గినట్టే" అంది. ఫోన్ తిరిగి ఇస్తూ, "ముసలిది అంటే నన్నేనా?" అని అడిగింది.

ఎవరో ఫిర్యాదు చేస్తే కానిస్టేబులు వచ్చాడు. వెంట పశువుల డాక్టరు కూడా వచ్చి, ఈమె చేసేదంతా తను చెప్పిందేనని చెప్పాడు. కానిస్టేబులు నొచ్చుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు. వీడియో మాత్రం ఎక్కడికీ పోలేదు. మాచర్ల బస్సులో ఒక అమ్మాయి అత్తను గుర్తుపట్టి, ఫోన్ తీసి తల్లికి చూపించిందట. అత్త పక్కన కూర్చున్న ఆ తల్లి లేచి వెనక సీట్లోకి వెళ్ళిందట. అత్త ఆ తర్వాత బస్సెక్కడం మానేసింది. కూరలు టీకొట్టు ఆమెతో తెప్పించుకునేది. పెళ్ళిళ్ళకు పిలిచినా వెళ్ళేది కాదు. "గుర్రాన్ని వదిలి రాలేను" అనేది. అది నిజమే. కానీ అదొక్కటే కారణం కాదని నాకు తెలుసు.

నేను ఫోన్ చేస్తే మొదట గుర్రం సంగతులు చెప్పేది. ఆ తర్వాత మాటలు అయిపోయేవి. అయినా ఫోన్ పెట్టేది కాదు. "ఇంకేంది?" అనేది. కాసేపటికి మళ్ళీ, "ఇంకేందే?" అనేది.

నేనే చెప్పాను, రోడ్డు వైపు పరదా కట్టించుకో అత్తా అని. నారుమళ్ళకు కట్టే పచ్చ నెట్టు తెప్పించి కంచె పొడవునా ఎత్తుగా కట్టించాం. నిజంగానే జనం రావడం ఆగిపోయింది. ఇక పీడ వదిలిందని నేను నరసరావుపేట వచ్చేశాను. నాలుగు రోజులకు అత్త ఫోన్ చేసింది.

"అది మేత ముట్టట్లేదే."

"మళ్ళీ కాళ్ళ నొప్పేమో అత్తా?"

"కాళ్ళు బాగానే ఉన్నయ్యి. నెట్టుకు ముక్కు ఆనించి నిలబడుద్ది. రోడ్డు మీద బస్సు పోతే చెవులు తిప్పుద్ది. కనపడక తల దించుకుద్ది. ఊళ్ళు తిరిగిన గుర్రమే అది. నడవలేక ఇసకలో పడుంటే, దానికి ఉన్నది ఆ రోడ్డు ఒక్కటే."

"మరేం చేద్దాం?"

"చేసేదేముంది, పీకేశా. ఇందాకే. ఇప్పుడు తింటా ఉంది."

"మళ్ళీ వస్తారు అత్తా. మళ్ళీ అంటారు."

"అంటే అననీ" అంది. ఆ మాటలో పంతం లేదు. అలసట ఉంది. "దానికి రోడ్డు కావాలి. నాకు మాటలు పడితే పడినయ్యి. వాళ్ళు మటుకు ఏం చేస్తారే, గుర్రాన్ని చూశారు, బాధపడ్డారు. నన్ను చూళ్ళేదు."

అప్పటి నుంచి ఆమె వచ్చినవాళ్ళకు ఏమీ చెప్పడం మానేసింది. వేపచెట్టు కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించింది. ఎవరైనా వచ్చి అరిస్తే, "కూసోండి అమ్మా. కాసేపు చూసి అప్పుడు తిట్టండి" అనేది. ఎవరికీ తీరిక ఉండేది కాదు. తిట్టి వెళ్ళిపోయేవాళ్ళు.

ఒక్కామె కూర్చుంది. నడివయసు మనిషి, కుటుంబంతో వచ్చింది. మొదట అందరిలాగే గొంతు పెంచింది. అత్త కుర్చీ చూపిస్తే, పంతానికి కూర్చుంది. అత్త తన పని తను చేసుకుంది. గడ్డి నానేసి, నీళ్ళు పిండేసి, చిక్కం విప్పి, పిడికెడు పిడికెడు తినిపించింది. ముందుకాలు ఒళ్ళో పెట్టుకుని గిట్ట శుభ్రం చేసి, అడుగున మెత్త కట్టింది. గుర్రం అత్త భుజం మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. కారులోంచి హారన్ కొడుతున్నా ఆమె లేవలేదు. చివరకు లేచి వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత వెళ్ళి కారెక్కింది.

ఈ సంగతి అత్త నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. ప్రతిసారీ చివర ఒకటే అనేది: "పేరు కూడా అడగలేదే నేను."

గుర్రం మెల్లగా తేరుకుంది. కంచె దాకా నడిచేది, తిరిగి వచ్చేది. అంతకన్నా బాగుపడదని డాక్టరు ముందే చెప్పాడు. అత్తకు అది చాలు. పోయే ముందు రోజు సాయంత్రం కూడా ఫోన్‌లో, "ఇయ్యాల రెండుసార్లు నడిచింది" అని సంతోషపడింది. ఆ వయసులో తన మోకాళ్ళ సంగతి మాత్రం ఏనాడూ చెప్పలేదు.

కర్మ మా తమ్ముడు చేశాడు. పదకొండో రోజు భోజనాలయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. "అక్కా, ఈ గుర్రాన్ని ఏం చేద్దాం?" అని తమ్ముడు అడిగాడు. లారీ ఎక్కించి పంపితే ఆ కాళ్ళు తట్టుకోవని డాక్టరు చెప్పాడు. నేను ఉద్యోగం నుంచి దిగిపోయి చాన్నాళ్ళయింది. పేటలో నా కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. "అది ఉన్నన్నాళ్ళు నేను ఇక్కడే ఉంటాలే" అన్నాను. తమ్ముడు నా వంక చూసి, చెప్పులు వేసుకున్నాడు.

వాడు వెళ్ళిన కాసేపటికి ఒక కారు ఆగింది. దిగినాయన కంచె మీద చెయ్యేసి, "ఏవమ్మా, ఇది మీ గుర్రమేనా? నోరు లేని జీవాన్ని ఇలా చేయడానికి మనసెలా వచ్చింది?" అన్నాడు. "జబ్బండీ, గిట్టల్లో..." అని మొదలుపెట్టాను. ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు. కారు తలుపు పడింది.

నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ ఇసకలో ఒంటరిగా నిలబడి, రోజుకు ఎన్నిసార్లు అత్త ఈ మాట పడిందో అప్పుడు నాకు ఒంటికి తెలిసింది. ఎవరికైనా ఫోన్ చేసి చెప్పాలనిపించింది. ఇలాంటి సంగతి చెప్పుకోవడానికి నాకున్న మనిషి ఆమే.

ఎండ దిగింది. గుర్రం నెమ్మదిగా ముందుకాళ్ళు మడిచి పడుకుంది. నేను చెప్పులు విడిచి దాని పక్కన కూర్చున్నాను. లోపలి ఇసక ఇంకా వెచ్చగానే ఉంది. మాచర్ల బస్సు ఒకటి మా ముందు నుంచి పోయింది. కిటికీల్లో ముఖాలన్నీ ఇటు తిరిగాయి, ఒక పిల్ల చెయ్యి ఊపింది. గుర్రం చెవులు రెండూ బస్సుతో పాటే మెల్లగా తిరిగి, చప్పుడు వినపడినంతసేపూ అటే నిలబడ్డాయి.