అనసూయ మేడం కొలిచిన పాదాలు

పసిపిల్లల చర్మం మీంచి టేపు ఊడదీసేటప్పుడు చిర్రుమని ఒక చిన్న చప్పుడు వస్తుంది. నిన్న మా క్లినిక్‌లో అది వినగానే యూనివర్సిటీలోని ఆ పొడవాటి గది, అందులో నేల మీద కూర్చుని ఒక పిల్ల మడమను అరచేతిలో పట్టుకున్న అనసూయ మేడం కళ్ళ ముందుకొచ్చారు.

ఆవిడది కోస్తా. తార్నాకలో స్థిరపడ్డారు. నేను తెలంగాణ రైతు బిడ్డను. అప్పట్లో బౌద్ధనగర్‌లో గది తీసుకుని ఆవిడ దగ్గర పరిశోధన చేసేదాన్ని. అరికాలు చదునుగా ఉన్న పిల్లలు నడిచేటప్పుడు పాదం ఎలా కదులుతుందో కొలవడం మా పని. మడమకూ చీలమండకూ మెరిసే చిన్న పూసలు అంటించి నడిపిస్తే, చుట్టూ ఉన్న కెమెరాలు వాటి కదలికను పట్టుకునేవి. పూస కాస్త జరిగినా లెక్క మారిపోయేది.

మౌలాలి నుంచి లావణ్య అనే ఏడేళ్ళ పిల్ల వచ్చేది. కొంచెం దూరం నడిస్తే చాలు, కాళ్ళ నొప్పులని ఏడ్చేది. ఆపరేషన్ చేయాలా వద్దా తేల్చుకోవడానికి డాక్టరుగారు మా కొలతల కోసం ఆగారు. మేడం ఒకసారి, నేను ఒకసారి పూసలు అంటించి కొలిచాం. రెండూ కలవలేదు.

"మీదే పంపిద్దాం మేడం," అన్నాను.

"నాది ఒప్పని ఎవరు చెప్పారు స్వరూపా? రెండూ తప్పే కావచ్చు. మన అంకె చూసి ఆ పిల్ల కాలు మీద కత్తి పెడతారు. మళ్ళీ రమ్మందాం."

రమ్మన్న రోజే బంద్ పడింది. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. నేనూ క్యాంపస్ గేటు దగ్గర విద్యార్థులతో కూర్చుని నినాదాలిస్తున్నాను. మేడం ఇంటి నుంచి నడుచుకుంటూ వచ్చారు.

"మీ బంద్‌ని కాదనను బాబూ. ఒక చిన్నపిల్ల వస్తోంది, తనను చూసి వెళ్ళిపోతాను," అన్నారు, దారికి అడ్డొచ్చిన కుర్రాడితో.

"ఆంధ్రా మేడం గద, బంద్‌తోని ఆమెకేం పని!" అని వెనక నుంచి ఇంకొకతను అరిచాడు. ఆవిడ మాట తూలలేదు, వెనక్కి తిరగలేదు. ఎండలో అలాగే నిలబడ్డారు.

అంతలో లావణ్య తండ్రి కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని చెమటలు కారుస్తూ వచ్చాడు. "బస్సుల్లేవు. మేడం రమ్మన్నదని మౌలాలికెల్లి నడుసుకుంట వచ్చిన," అన్నాడు. ఇందాక అరిచినతనే లేచి, "దా అన్నా, జర పిల్లను నాకియ్యి," అంటూ ఎత్తుకుని గది దాకా తెచ్చాడు.

కెమెరాల ముందు లావణ్య బిగుసుకుపోయింది. మేడం చెప్పులు విప్పి, చీర కాస్త ఎత్తి పట్టుకుని, పూసలు తన కాళ్ళకే అంటించుకుని బాతులా నడిచారు. పిల్ల పకపకా నవ్వింది. లేచి ఆవిడ వెంట నడిచింది, ఒళ్ళంతా వదులు చేసుకుని.

"చూశావా స్వరూపా? మొన్న మనం దాని భయాన్ని కొలిచాం," అన్నారు మెల్లగా.

తరవాత పిల్లకు తానే పూసలు అంటించి కొలిచారు. అన్నీ ఊడదీసి, చర్మం మీద జాడ కూడా లేకుండా తుడిచి, నన్ను మళ్ళీ అంటించమన్నారు. నా చేతులు చూడకూడదని కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఈసారి మా ఇద్దరి కొలతలూ కలిశాయి. పాదం మేమనుకున్నదాని కంటే బాగా కదులుతోంది. డాక్టరుగారు ఆపరేషన్ మానుకుని బూట్లలో మెత్తలు, వ్యాయామాలు చెప్పారు. మరుసటి ఏడాదికి లావణ్య బడికి నడిచే పోతోందని తండ్రి వచ్చి చెప్పాడు.

అంత పనితనమున్న మనిషి తన చేతినే అలా పరీక్షకు పెట్టుకోవడం నేను మరెక్కడా చూడలేదు. ఇప్పుడు పిల్లల తల్లులు ఆత్రంగా నా ముఖంలోకి చూస్తూ ఏమైందని అడుగుతారు. తెలిస్తే చెబుతాను. తెలియనప్పుడు, "నాకింకా తెలియదమ్మా," అని వాళ్ళ కళ్ళలోకి చూసే చెప్పగలుగుతున్నాను.