సాలీళ్ళకి జనరల్ షిఫ్టు

నరసింగరావు లెక్కలో ఈ లోకంలో ఖాళీగా ఉన్న ప్రాణి లేదు. ప్రతిదీ ఏదో ఒక షిఫ్టులో ఉంటుంది. భిలాయి ఉక్కు ప్లాంటు ఆయన్ని రిటైర్ చేసింది గానీ, ఆయన నోట్లోంచి షిఫ్టుల్ని రిటైర్ చెయ్యలేకపోయింది. రిసాలి కాలనీలో వాళ్ళింటి పిల్లిది నైట్ షిఫ్టు. పాలవాడు ఆలస్యమైతే ఆబ్సెంటు. వీధికుక్క పగలు పడుకుంటే, "వీక్లీ ఆఫ్ కాబోలు, లేపకండి" అంటాడు.

ఆయన బావమరిది సత్యప్రసాదుకి ఊరి చివర జాముల్ అవతల చెరకు తోట ఉంది. నరికే ముందు నిప్పు పెడితే ఎండాకంతా కాలిపోతుంది, నరకడం సులువు. సత్యప్రసాదు అగ్గిపెట్టె తీశాడో లేదో, నరసింగరావు స్కూటర్ దిగి తోటకి అడ్డంగా నిలబడ్డాడు.

"డ్యూటీలో ఉన్నోల్లని తగలెట్టెత్తావేటిరా?"

"ఎవల్ని బావా?"

"సాలీళ్ళని! జనరల్ షిఫ్టు. చీమలైతే డబుల్ డ్యూటీ. పోయినేడు తగలెట్టినావు, ఏటైంది? కొత్త పిలకల్ని పీకపురుగు తినీసింది. దాన్ని తినే స్టాఫునంతా నువ్వే కాల్చీసినావు కదరా!"

సత్యప్రసాదుకి ఒళ్ళు మండింది, ఎందుకంటే అది నిజం. నరికిన మోళ్ళ నుంచి లేచిన పిలకలు నిరుడు సగానికి సగం ఎండిపోయాయి. ఈసారీ అంతే అయితే తోట దున్నేసుకోవడమే.

"మరి కాల్చకండా ఎవలు నరుకుతారు? నువ్వా?"

"నరుకుతాను!"

నరికే ముఠా మేస్త్రి మణిమాల మాత్రం ఒప్పుకోలేదు. "పచ్చి తోటలో ఆకు బ్లేడే బాబూ, చేతులు కోసీస్తది. సాలీళ్ళ మీదున్న దయ మా మీద నేదేటి?" అంది.

ఆ మాట నరసింగరావుకి గుచ్చుకుంది. వెంటనే స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. పీడా పోయిందనుకున్నాడు సత్యప్రసాదు.

మర్నాడు నరసింగరావు పెద్ద మూటతో దిగాడు. రిటైరైన స్నేహితుల క్వార్టర్లన్నీ గాలించి తెచ్చిన, ప్లాంటులో వాడిన తోలు గ్లవుజులు! మణిమాల మొహం ముడుచుకుంది.

"అరె, మేం కూలికొచ్చినోలం బాబూ. దానాలొద్దు."

"దానవా? మీకోసవని ఎవలన్నారు?" గయ్యిమన్నాడు నరసింగరావు. "చేతి చెమట సాలీళ్ళకి పడదు. వాటి సేఫ్టీకి మీరు తొడగాల. తొడక్కపోతే గేటు పాసు నేదు!"

ముఠా అంతా పగలబడి నవ్వి తొడుక్కుంది. సత్యప్రసాదు బావ పక్కకి చేరి, "చెమట సంగతి నిజవేనా?" అని గుసగుసలాడాడు.

"నాకేటి తెలుసు? ఏ సాలీడూ కంప్లైంటియ్యనేదు."

సత్యప్రసాదుకి సిగ్గేసింది, ముచ్చటా వేసింది. తనూ కత్తి పట్టుకుని దిగాడు. కాసేపటికి చూస్తే, బావ పక్క సాలులో వట్టి చేతులతో నరుకుతున్నాడు. గ్లవుజులన్నీ పంచేసి తనకి ఒక్కటీ ఉంచుకోలేదు. ముంజేతుల నిండా ఎర్రటి గీతలు.

మణిమాల కూడా చూసింది. కత్తి పక్కన పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని కేకేసింది:

"ఓ పెద్దాయనా! నీ చెమట మాత్రం సాలీళ్ళకి పడతాదేటి? చల్, గట్టెక్కు!"