టీచరమ్మ చెయ్యి ఆనించిన చోటు

మొన్న శనివారం పొద్దున పది గంటలకు కర్నూలు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. నేను చాటలో కొర్రలు పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. "అక్కా, అత్త ఇంగ లేదక్కా," అన్నాడు టీచరమ్మ మేనల్లుడు. ఫోను పెట్టేశాక కూడా రాళ్లు ఏరుతూనే ఉన్నాను. ఏరి పక్కన పెట్టిన గింజల్నే మళ్లీ ఏరుతున్నానని చాలాసేపటికి గాని తెలియలేదు.

నందికొట్కూరులో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక్క గోడ. నాకు మూడో తరగతి చెప్పింది ఆమే. పెళ్లయ్యాక ఆమె పక్కింటికే కోడలిగా వచ్చాను. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం అయిపోయాక సొంత ఇంట్లో ఒక్కరే ఉండేవారు. ఎవరూ లేక అలా ఉన్నారని జాలిపడితే ఆమెకు కోపం వచ్చేది.

రోజూ ఉదయం ఏడు గంటలకు గరిటెతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టేవారు. హాజరు అని అర్థం. ఇటు నుంచి నేను రెండు కొట్టాలి. ఒకరోజు పాలు పొంగుతున్నాయని ఆలస్యం చేస్తే గోడ మీదుగా గొంతు వచ్చింది. "ఏమ్మీ, గైరుహాజరా? మీ నాయన సంతకం తీసకరా." అప్పటికి నాకు నలభై ఆరేళ్లు.

గ్యాస్ బండ మార్చిన రోజు, పాలవాడు రాని రోజు, మా మామకు మాత్రలు అయిపోయే రోజు, అన్నీ నోటుబుక్కులో రాసుకునే అలవాటు నాకు ఆమె తరగతిలోనే వచ్చింది. ఆ తరగతిలో రబ్బరు నిషిద్ధం. "తప్పు పోతే ఒక్క గీత కొట్టు. చెరపాకు. యాడ తప్పినావో నాకు కనపడాల. కనపడితేనే కదా నేను నేర్పేది," అనేవారు. నా నోటుబుక్కుల్లో ఈనాటికీ కొట్టివేసిన అంకెలు గీతల కింద స్పష్టంగా కనిపిస్తాయి.

పోయిన ఏడాది ఆమె స్నానాల గదిలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. కడప నుంచి మేనల్లుడు కారు వేసుకుని వచ్చాడు. చెడ్డవాడు కాడు. వాళ్ల ఇంట్లో కింది గది ఆమె కోసం ఖాళీ చేసి వచ్చాడు. ఆమె కదలలేదు. చివరికి అతను, "సరే అత్తా, ఇంగొక్క తూరి పడితే మాత్రం నీ మాట ఇనను. ఈ ఇల్లు బాడుగకిచ్చి నిన్ను తీసకపోతా," అని చెప్పి వెళ్లాడు. కారు సందు తిరిగాక ఆమె నాతో అన్నారు. "వాని ఇంటికి పోతే నేను చుట్టాన్నవుతా. ఈడ నేను టీచరమ్మను."

ఆ తర్వాత కొన్నాళ్లకు కర్నూలు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆక్యుపేషనల్ థెరపీ చదివిందట. ఆ అమ్మాయి దగ్గర మందులు, సూదులు ఏవీ లేవు. పెద్దవాళ్లు తమ ఇంట్లోనే తమ పనులు తామే చేసుకుంటూ పడిపోకుండా ఉండాలంటే ఏమేం మార్చాలో ఇల్లిల్లూ తిరిగి పరిశోధన చేస్తోంది. టీచరమ్మ వెంటనే ఒప్పుకున్నారు. ఈ ఇంట్లో ఉండొచ్చని ఎవరో ఒకరు కాగితం మీద రాసివ్వడమే ఆమెకు కావాలి.

ఆ అమ్మాయి గడియారం పట్టుకుని ఆమెను కుర్చీలోంచి ఐదుసార్లు లేపి కూర్చోబెట్టింది. "శానా మంది పిల్లోళ్లతో గుంజీలు తీయించినా. ఇప్పుడు నా వంతు వచ్చినాది," అన్నారు టీచరమ్మ రొప్పుతూ. అటకమీది డబ్బాలన్నీ నడుము ఎత్తుకు దిగాయి. మంచం కోళ్ల కింద చెక్క దిమ్మలు చేరాయి. స్నానాల గదిలో గోడకు స్టీలు కడ్డీ బిగించారు. ఆమె దాన్ని పట్టుకుని చూసి, "బస్సులో కమ్మీ మాదిరి ఉండాది. టికెట్టు కూడా కొడతావామ్మా?" అని అడిగారు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

నెలకు ఒక కాగితం ఇచ్చింది. రోజుకు ఒక గడి. ఆ రోజు పడ్డారా లేదా రాయాలి. పడితే ఎక్కడ, ఏ పని చేస్తూ పడ్డారో వెనక రాయాలి. టీచరమ్మకు చూపు మందగించింది కాబట్టి రాసే పని నాకు అప్పగించారు. "ఈమె మూడో తరగతి నా కాడనే చదివింది. లెక్క తప్పదు," అన్నారు. ఆ అమ్మాయి షరతుల కాగితం కూడా నిదానంగా చదివి వినిపించింది. ఇద్దరం తలలూపాం. ఇద్దరం వినలేదు.

పోయే ముందు ఒక ప్రశ్న అడిగింది. "అమ్మా, ఎంత కష్టమైనా మీరు మానుకోలేని పని ఏదన్నా ఉందా?"

టీచరమ్మ ఒకసారి నా వైపు చూశారు. "ఏముందమ్మా, తినేది, పండుకునేది," అన్నారు.

ఆ పని ఏమిటో నాకు తెలుసు. ఊరుకున్నాను.

నెలకో మారు, మొదటి ఆదివారం, వాళ్ల చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఆమె ఉతికేవారు. దాని ముందు శుక్రవారం, కొళాయి నీళ్లు వచ్చే వేళకు వంటింటి వెనక రెండు మెట్లు దిగి, బండ దగ్గర కూర్చుని చేత్తో రుద్దేవారు. తర్వాత తెలుపు కోసం నీలిమందు, చివర గంజి. నలభై ఏళ్లుగా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వెనక పెరడంతా మా వైపు పరిచే నాపరాళ్లే. వాటి మీద గంజి పడితే నిలబడటం వయసు వాళ్లకే కష్టం. పెరట్లోకి దిగనే దిగనని ఆమె చెప్పడంతో ఆ అమ్మాయి వెనక తలుపు తీసి చూడలేదు.

మొదటి రెండు నెలలు గడులన్నీ "లేదు". ఆ కాగితాలను ఆమె గోడకు తగిలించి, భూతద్దం పెట్టి చూసుకునేవారు. పిల్లల ప్రోగ్రెస్ కార్డు చూసినట్టే చూసేవారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే చూశాను. పంతులమ్మా, ఆమె దగ్గర చదివిన పిల్లా, ఇద్దరికీ గీతలు గీసిన కాగితం కనబడితే మార్కులే గుర్తొస్తాయి.

మూడో నెల శుక్రవారం గోడ అవతల నుంచి "అమ్మీ" అని చిన్నగా పిలుపు. పరుగెత్తాను. కింది మెట్టు దగ్గర గోడకు చేరబడి కూర్చుని ఉన్నారు. మోచెయ్యి చెక్కుకుపోయింది. చీర మోకాళ్ల దాకా తడిసింది. గుడ్డను మాత్రం నేల తగలకుండా రెండు చేతుల్తో ఎత్తి పట్టుకున్నారు.

"ముందు గుడ్డ తీసుకో," అన్నారు.

తీసుకున్నాను. లేపి కూర్చోబెట్టి మోచేతికి పసుపు అద్దాను. అప్పుడు అడిగారు. "ఈ దినం గడిలో ఏం రాస్తావు?"

"పడినారని రాస్తా టీచరమ్మా."

"రాయాకు."

నేను పసుపు గిన్నెకు మూత పెట్టాను.

"అది వానికి చూపిస్తారు. చూసి కారు తీసకొస్తాడు. నా మాట ఇనుమ్మీ. ఇన్ని లేదులు వరసగా వస్తాండాయి. ఒక్కటి తప్పితే ఏం పోతాది?"

నా జీవితంలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే. ఇంకోసారి ఉతికేటప్పుడు నన్ను పిలవాలని ఒట్టు వేయించుకుని, మూడో నెల కాగితంలో ఐదో గడిలో "లేదు" అని రాశాను.

ఆ మరుసటి నెల ఆమె పిలిచారు. నేనే పిండాను, నేనే ఆరేశాను. పక్కన కుర్చీలో కూర్చుని, "మూలలు లాగు, మూలలు," అంటూనే ఉన్నారు. ఆ తర్వాతి నెల పిలవలేదు. ఎందుకు పిలవలేదో నాకు తెలియదు. నేను బాగా పిండలేదేమో. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. మిక్సీలో చట్నీ రుబ్బుతున్నాను. మిక్సీ ఆపితే గోడ అవతల బకెట్టు నిండి నీళ్లు పొర్లుతున్న చప్పుడు వినిపించింది. రెండు రోజులకొకసారి నీళ్లొచ్చే ఊరు మాది. ఆమె చెంబెడు నీళ్లు వృథా పోనిచ్చే మనిషి కాదు. ఆ చప్పుడు వినగానే పరుగెత్తాను.

అదే మెట్టు. ఈసారి తుంటి విరిగింది.

ఆసుపత్రిలో పదిహేను రోజులు ఉన్నారు. ఆపరేషన్ అయింది, తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. నేను మూడుసార్లు వెళ్లాను. రెండోసారి వెళ్లినప్పుడు తెలివిగా ఉన్నారు. "గుడ్డ ఆరిందా?" అన్నారు. ఆరిందన్నాను. "నాలుగు మడతలే. ఎక్కువ పెడితే గంజి విరుగుతాది." కాసేపు కళ్లు మూసుకుని మళ్లీ తెరిచారు. "ఇంటికి పోదాం పా."

"పోదాం టీచరమ్మా."

"అమ్మీ, ఈతూరి రాసుకో," అన్నారు. నేను తల తిప్పుకున్నాను. మూడోసారి వెళ్లేసరికి మాట లేదు.

ఆ గుడ్డను పాస్టరమ్మకు నేనే ఇచ్చాను, నాలుగు మడతలతో. ఆమె రెండు చేతులా అందుకుని, "వచ్చే నెల ఎవరు ఉతుకుతారో," అంది. నన్ను అడగలేదు. ఉతుకుతానని నేనూ చెప్పలేకపోయాను.

మట్టి చేసిన నాలుగో రోజున కర్నూలు అమ్మాయి కాగితాల కోసం వచ్చింది. అప్పటికే నేను మూడో నెల కాగితంలో ఐదో గడిలో "లేదు" మీద ఒక్క గీత కొట్టి, పక్కన "పడ్డారు" అని రాసి ఉంచాను. వెనక వైపు, వెనక మెట్టు, గుడ్డ ఉతుకుతూ, అని కూడా రాశాను. ఆ అమ్మాయి చదివి, మళ్లీ చదివి, గడప మీద కూలబడింది.

"ఇది ఎవరికీ చూపించే కాగితం కాదక్కా. మేనల్లుడికి కూడా. మొదటి రోజే చదివి వినిపించాను కదా."

"చెప్పి ఉంటే ఆ పని మానమనేదానివి కదమ్మా," అన్నాను. నాకు అదొక్కటే దిక్కు. ఆ అమ్మాయి అవునంటే నాకు కొంచెం ఊపిరి ఆడేది.

"మానమనేదాన్ని కాదక్కా. ఆ పని చేసుకోనివ్వడానికే నేను వచ్చింది. బండ పైకి జరిపేదాన్ని, కుర్చీ వేసేదాన్ని, మెట్టు దగ్గర ఒక కడ్డీ పెట్టించేదాన్ని. ఒక పూట పని."

తర్వాత లేచి వెనక తలుపు తీసింది. ఆ తలుపు పక్క గోడను నేను ఎన్నోసార్లు చూశాను. మురికి అనుకున్నాను. సున్నపు గోడ మీద, మెట్టు దిగేటప్పుడు చెయ్యి ఆనే ఎత్తులో, నీలం మరకలు. ఒకదాని మీద ఒకటి, నెలనెలా ఒకే చోట, అరచెయ్యి ఉన్నంత మేర. ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని కింది మెట్టు నుంచి ఆ మరక దాకా టేపు పెట్టి కొలిచింది. కొలత రాసుకుంది.

"కడ్డీ ఎక్కడ కావాలో ఆమే గుర్తు పెట్టి ఉంచారు," అంది. "ఇక మీద ఏ ఇంట్లోనైనా ముందు వెనక తలుపే తీస్తానక్కా."

ఆ మాట ఇంకెవరికో పనికొస్తుంది. పనికి రావాలి. ఇది చదివే మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఉంటే, వాళ్లు దాచుకున్న పని ఏదో అడగండి. మానమని మాత్రం అనకండి. నాకు మాత్రం ఉదయం ఏడు గంటలకు చెయ్యి గరిటె మీదికి పోతుంది. అటు నుంచి దెబ్బ పడదు. అయినా ఇటు నుంచి రెండు కొడుతున్నాను. మా ఆయన ఏమీ అనడం లేదు.

మేనల్లుడు తాళం నాకిచ్చి, సున్నం కొట్టించమన్నాడు. వచ్చే నెల బాడుగకు ఎవరో వస్తారు. సున్నం మనిషి నిన్న వచ్చి గోడలన్నీ ఒక పూత వేశాడు. మధ్యాహ్నానికి ఆరాయి. వెనక తలుపు దగ్గర నిలబడి నన్ను పిలిచాడు.

"ఈ నీలం లోపలికి దిగినాదమ్మా. మల్లా పైకి తేల్తాండాది. ఇంగో పూత కొడితే పోతాది."

చూశాను. కొత్త తెలుపు కింద నుంచి, మెట్టు పక్కన, పలచగా వచ్చింది.

"చాల్లేప్పా, ఇంగ వద్దు," అన్నాను.