కార్తీకమాసంలో మామిడిపండు

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి; చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. పొద్దున్న మా కోడలు బజారులో కొన్న మామిడిముక్కల డబ్బా మూత తీసింది. ఆ వాసన వంటింట్లోంచి నా మంచం దాకా వచ్చింది. దాని వెనకే మా చోడవరం ఇల్లు, జ్యేష్ఠమాసపు ఎండ, మా అమ్మ ఇచ్చిన ఒక మాట వచ్చి కూర్చున్నాయి.

గడ్డి పరిచిన మూలగదిలో సువర్ణరేఖ పళ్ళు బుగ్గలు ఎర్రబడి ముగ్గుతుంటే, ఆ వాసన పట్టిన దుప్పట్లు కప్పుకుని పడుకునేవాళ్ళం. పెరట్లో ఈతచాప మీద నాన్నమ్మ మామిడిరసం పొర మీద పొర పోసి తాండ్ర ఎండబెడితే, కాకుల్ని తోలే పనీ నాదే, అంచు చింపుకుని తినే పనీ నాదే. ఇక పచ్చళ్ళ రోజులొస్తే రాజ్యమంతా నాన్నమ్మదే. తడిచెయ్యి జాడీ దరికి రాకూడదు. పెట్టిన మూడోనాడు మూత తీసి అడుగు నుంచి తిరగకలపాలి. ఈ రెంటికీ ఎదురు లేదు.

ఆ ఏడు రోలుగుంటలో కాపురమున్న మా అక్క కడుపుతో ఉంది. ఏది తిన్నా వాంతి, మామిడిపండొక్కటే ఇమిడేది. చూడ్డానికి వెళ్ళిన అమ్మతో, "పళ్ళయిపోతన్నాయి. కార్తీకంలో పురిటికొచ్చినప్పుడు ఒక్క ముక్క పెడతావేటమ్మా?" అంది. అమ్మ "పెడతానే" అనేసింది. పక్కనున్న అక్క అత్తగారు ఒకటే నవ్వు.

"కార్తీకంలో మామిడిపండేటొదినా? సెట్టుకి సెప్పొచ్చేవేటి?"

ఆ నవ్వు అమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

మా పక్కింటి రూతమ్మ పిన్ని మిషనాసుపత్రి వంటింట్లో పనిచేసేది. పళ్ళు సీసాల్లో నిలవచేసే పద్ధతి అక్కడే నేర్చింది. "మాటిచ్చేవు గదక్కా, నిలబెడదాం" అని, మూతలకి రబ్బరుచుట్లున్న గాజుసీసాలు ఆరు తెచ్చింది. గట్టిపళ్ళ తొక్కతీసి, ముక్కలు సీసాల్లో పేర్చి, వడకట్టిన బెల్లంపాకం పోసి, గుండిగ అడుగున గోనెపట్టా వేసి, సీసాల్ని నీళ్ళలో నిలబెట్టి ఇద్దరూ మరిగించారు. "నీళ్ళలోనా! మీ తెలివి మండా!" అని నాన్నమ్మ గడప మీద కూర్చుని నెత్తి కొట్టుకుంది. మూతలు బిగించాక పిన్ని గట్టిగా చెప్పింది: "లోపలికి గాలెళ్ళకూడదు. కార్తీకం దాకా ఎవరూ మూత తియ్యొద్దు."

మూడోనాడు అమ్మ చెరుకుతోటకి వెళ్ళింది. నాన్నమ్మ పొడిగరిటె తీసింది.

"ఒసే గుంటా, ఆ మూత తిప్పు."

"తియ్యొద్దన్నారు గదా!"

"మూడోనాడు కలపని జాడీ ఉంటాదేటే? నీకేటి తెలుసు, తిప్పు."

తిప్పాను. ఐదు సీసాలు ఇద్దరం శుభ్రంగా తిరగకలిపాం, రుచి కూడా చూశాం. ఆరోదాని మూత మాత్రం ఆమె పమిటచెంగుతో పట్టినా, నేను పళ్ళు బిగించినా రాలేదు.

వారం తిరిగేసరికి ఐదు సీసాల్లోనూ నురగ. పొలం నుంచి వచ్చిన నాన్న ముక్కెగరేశాడు. "ఏటిది, ఇంట్లో కల్లు దించేరేటి?" అమ్మ నన్ను చూసింది, నేను నాన్నమ్మను చూశాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ పెడదామంటే చెట్ల మీద కాయ లేదు. ఆ ముక్కలన్నీ కుడితిలో పోస్తే, మా గేదె ఒక్కటే సంబరపడి సాయంత్రం దాకా తొట్టి వదల్లేదు.

ఆ రోజు నుంచి మిగిలిన సీసాకి నాన్నమ్మే కాపలా. గుడ్డ చుట్టి ఉట్టిలో పెట్టింది. పొద్దున్నే దించి వెలుగుకేసి చూసేది, నురగ లేదని నమ్మకం కుదిరాక మళ్ళీ పైకెక్కించేది. నేనటు చూసినా చాలు, "సూపు తిప్పుకోయే!" అని కసిరేది.

కార్తీకంలో అక్క వచ్చింది, వెంట అత్తగారు. పిన్ని రబ్బరు కింద కత్తిమొన దూర్చగానే సీసా 'ఫుస్స్' అంది. నురగుందేమోనని నాన్నమ్మ సీసాలోకి తొంగిచూసింది. మరుక్షణం ఇల్లంతా పండుమామిడి వాసన. అక్క కళ్ళు మూసుకుని నమిలింది. అత్తగారు ఒక ముక్క తిని, రెండోదీ తిని, గిన్నె తనవైపు జరుపుకుంటుంటే అక్క పట్టుకుంది.

"అత్తా, కడుపుతో ఉన్నది నాను!"

నవ్వులు ఆగాక, "ఎలా నిలిపేవొదినా?" అని అడిగిందావిడ. అమ్మ నోరు తెరిచేలోపే నాన్నమ్మ అందుకుంది: "నాను కాపలా కాసేనమ్మా! ఎవర్నీ ముట్టుకోనిచ్చేను కాదు."

నాకు నవ్వాగక చెంబుతో నీళ్ళు తాగుతున్నట్టు నటించాను. అమ్మ ఒక్క క్షణం ఆమెకేసి చూసి, "అవునొదినా, మా అత్త లేకపోతే ఇది ఉండీది కాదు" అంది. నాన్నమ్మ తలొంచుకుని, తన వంతు ముక్క తీసి అమ్మ చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఏ నెలలోనైనా మామిడి రుచి దొరుకుతుంది, మంచిదే. పళ్ళు ముగ్గే ఆ మూలగది లేదు, ఒక్క ముక్క కోసం ఐదు నెలలు ఆగే ఓపికా లేదు, ఆ గిన్నె చుట్టూ కూర్చున్నవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. వినడానికి మీరున్నారు, చాలు. మీ ఆడపిల్లలకి పురుళ్ళు సుఖంగా జరగాలి, మీ ఇంట అన్న మాట దక్కాలి, మీ అత్తాకోడళ్ళు ఒకరి పొరపాటు ఒకరు కడుపులో పెట్టుకుని పది కాలాలు చల్లగా ఉండాలి.