సుబేదారుగారి చెంచా

సుబేదారుగారు పోయారని మొన్న ఢిల్లీ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, వెళ్ళిపోయారు" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. దేవుడి గదిలో కూర్చున్నాను. ఒక్క శ్లోకమూ నోటికి రాలేదు.

ఏడేళ్ళ కిందట తమ్ముణ్ణి పేగు ఆపరేషన్‌కని ఢిల్లీ తీసుకువెళ్ళాను. మా అందరిలో నేను పెద్ద, వాడు ఆఖరు. ముందు కాస్త ఒళ్ళు చేయాలి, లేకపోతే ఆపరేషన్‌కి తట్టుకోలేడన్నారు డాక్టరు. నెల గడువిచ్చారు. మునిర్కాలో అద్దెగది తీసుకున్నాం. ఏం వండినా వాడు మొహం తిప్పుకునేవాడు. నాకు తెలిసిన దారి ఒకటే. వాడి కోసం ఏకభుక్తం మొక్కుకున్నాను. రోజుకు ఒక్కసారి, అదీ సాయంత్రమే.

పక్కగదిలో ఉండేవారు సుబేదారుగారు. విజయనగరం వైపు మనిషి. సైన్యంలో రిటైరై అక్కడే ఉండిపోయారు.

"ఏటి చెల్లెమ్మా, రోజూ గిన్నెలు నిండుగానే బయటికొస్తన్నాయి?" అన్నారు ఒకనాడు. చెప్పాను. "డాక్టరు ఏటి పెట్టమన్నాడు?"

"ఏది తింటే అది."

"అచ్ఛా. అయితే ఊరు చూపిద్దాం, పదండి."

రోజూ ఆటోలో తిప్పేవారు. నిప్పుల మీద కాల్చి నిమ్మకాయ పిండిన చిలగడదుంప, పొగలు కక్కే క్యారెట్ హల్వా, లడ్డూలని పేరు పెట్టుకున్న పెసరపిండి పకోడీలు. ఆయన జేబులో రుమాల్లో చుట్టిన స్టీలు చెంచా ఉండేది. దాన్ని వేడి టీతో కడిగి తమ్ముడి చేతిలో పెట్టేవారు. "ఆకలి కూడా పెరేడే బాబూ. రోజూ పిలిస్తే వచ్చి నిలబడతాది."

తమ్ముడు ఒక చెంచా తిని, నా వైపు చూసి, దించేసేవాడు. పదిహేను రోజులైనా తూకం ముల్లు కదల్లేదు.

ఒక పొద్దున్న పాతఢిల్లీలో పాలు చిలికి తీసే తియ్యటి పాలనురుగు కొన్నారు. చలికాలం ఉదయాలే దొరుకుతుంది. ఎండ తగిలితే కరిగిపోతుంది.

"తిను బాబూ."

"అక్క తినదుగా."

"మొక్కు అన్నయ్యగారూ" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. "ఇంట్లో ఇద్దరూ పస్తుంటే మీ దేముడికి సరదా ఏటి? నువ్వలా ఎండిపోయి ఎదురుగా కూకుంటే ఆడి గొంతు దిగుతాదా?"

ఆ మాట ఇన్ని రోజులూ నాకు తోచలేదు. క్షమించు స్వామీ అనుకుని చెంచా తీసుకున్నాను. నోట్లో పెట్టగానే మాయమైంది.

"ఇందులో ఏముంది, గాలి!" అన్నాను.

తమ్ముడు పకపకా నవ్వాడు. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని. నా చేతిలోంచి చెంచా లాక్కుని దొన్నె ఖాళీ చేశాడు.

గడువు నాటికి డాక్టరు చెప్పినంత బరువు రాలేదు గానీ, వచ్చింది చాలన్నారు. ఆపరేషన్ జరిగింది, తమ్ముడు దక్కాడు. మళ్ళీ నేను తిండి మీద మొక్కు పెట్టలేదు.

ఈ చలికాలం సుబేదారుగారు మంచం పట్టి అన్నం మానేశారని తెలిసి తమ్ముడు ఢిల్లీ పరుగెత్తాడు. మోకాళ్ళ నొప్పులతో నేను వెళ్ళలేకపోయాను. తెల్లవారగానే పాతఢిల్లీ వెళ్ళి, పాలనురుగు దొన్నె అరచేతుల్లో పట్టుకుని ఆటోలో వచ్చాడట. చేరేసరికి నురుగంతా అణిగి, అడుగున చెంచాడు పాలు మిగిలాయట. ఆయన తలగడ కింద రుమాల్లో ఆ చెంచానే ఉంది.

"నేనూ తింటున్నాను, చూడండి" అని తమ్ముడు ముందు తన నాలుకకు తాకించుకుని, ఆయన పెదవుల దగ్గర పెట్టాడట. సుబేదారుగారు నవ్వారు. నోరు తెరవలేదు.

పాలనురుగు కోసం బయల్దేరానని వాడు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ, ఆ ఆఖరి పూటంతా నేనిక్కడ "ఒక్క చెంచా, స్వామీ" అని వేడుకుంటూనే ఉన్నాను. అక్కడ తమ్ముడు, ఎండ మంచం మీదికి వచ్చేదాకా, చెంచా అలాగే ఎత్తి పట్టుకుని కూర్చున్నాడట.